చేపు సూది, మత్తు సూది: పశువు మెదడు మీద మందులూ హార్మోన్లూ ఎలా పనిచేస్తాయి?

క్లుప్తంగా: పాలు చేపడానికి, అంటే పొదుగులో కిందికి దిగడానికి, వేసే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ సూది పొదుగు మీద పనిచేస్తుంది, మెదడు మీద దాదాపు పనిచేయదు. విత్తులు కొట్టించాక కూడా కొన్ని ఎద్దులు కుమ్మడం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన కుక్కలు కొన్ని కరవడం హార్మోన్ మిగిలిపోవడం వల్ల కాదు. అది అంతకుముందే మెదడులో చేసిన పని వల్లా, పశువు నేర్చుకున్నదాని వల్లా జరుగుతుంది. ఒకే మందు ఒక జంతువుకు చికిత్స, మరోదానికి విషం కావడానికి రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడ ఒక ముఖ్య కారణం.

రాయలసీమ పల్లెల్లో పశువు తీరు మారిందంటే తరచూ వినిపించే మాట ఒకటే: ఒక సూది వేయించు. ఎనుము (గేదె) చేపకపోయినా సూదే, గొర్రె ఎదకు రాకపోయినా సూదే, ఎద్దు బెదిరి కట్టు తెంచుకుంటున్నా సూదే. కడప, కర్నూలు, అనంతపురం పట్టణాల్లో వీధికుక్కల గురించి చర్చ లేచినప్పుడు కూడా ఆపరేషన్ చేస్తే కుక్క సాధువైపోతుందన్న నమ్మకం బయటికొస్తుంది. వీటన్నిటి వెనక ఉన్న ఊహ ఒక్కటే. ఒంట్లో ఒక రసం ఉంటుంది, ప్రవర్తన దాని చేతిలో ఉంటుంది, కాబట్టి దాన్ని ఎక్కించినా తీసేసినా పశువు మన దారికి వస్తుంది.

ఇందులో సగం నిజం ఉంది. హార్మోన్ ఒక గ్రంథిలో పుట్టి రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. కానీ దాన్ని పట్టుకునే గ్రాహకాలు ఉన్న కణాలే స్పందిస్తాయి. కె.సి. (కర్నూలు-కడప) కాలువలో నీళ్లు ఎన్ని పారినా మడవ తీసిన మడికే అందినట్టు. ఏ కణాల మీద ఎన్ని గ్రాహకాలు ఉండాలన్నది జాతిని బట్టి, వయసును బట్టి, ఈత అయిందా లేదా అన్నదాన్ని బట్టి మారుతూ ఉంటుంది. అమెరికాలోని వోల్ అనే చిట్టెలుకల్లో రెండు జాతులను చూడండి. మైదానపు వోల్ ఒకే జోడుతో కాపురం చేస్తుంది, కొండ వోల్ చేయదు. రెండిటి ఒంట్లోనూ ఉన్నది అదే ఆక్సిటోసిన్. దాని గ్రాహకాలు మెదడులో ఎక్కడ ఎన్ని ఉన్నాయన్న దగ్గరే తేడా.

ఎనుము చేపడం వెనక

ముందుగా పొదుగు సంగతి. పాలు పొదుగులోని సన్నటి గూళ్లలో తయారై అక్కడే నిలిచి ఉంటాయి. వాటిలో కొంత భాగమే కిందికి జారి, చన్నుల పైనుండే పాలతిత్తిలోకి చేరుతుంది. పాడి ఆవుల్లో ఈ భాగం సుమారు 20 శాతం. ఎనుముల్లో 5 శాతం దాకానే. అంటే ఆవు చేపకపోయినా అయిదో వంతు పాలైనా పిండుకోవచ్చు. ఎనుము చేపకపోతే చెంబు అడుగు కూడా తడవదు. చేపు సూది వాడకం ఎనుముల దగ్గర ఎక్కువగా కనిపించడానికి ఈ శరీర నిర్మాణమే మొదటి కారణం.

చేపడం అనేది మెదడు గుండా నడిచే పని. దూడ మూతి తగిలినా, చన్నులను చేత్తో నిమిరినా ఆ స్పర్శ వెన్నుపాము మీదుగా మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌కు చేరుతుంది. అక్కడి నాడీకణాలు తయారు చేసిన ఆక్సిటోసిన్ పిట్యూటరీ గ్రంథి వెనక భాగం నుంచి రక్తంలోకి విడుదలవుతుంది. అది పొదుగుకు చేరి, పాలగూళ్లను చుట్టుకుని ఉన్న కండర కణాలను బిగిస్తుంది. పాలు కిందికి దిగుతాయి. ఆవులో ఇదంతా నిమిషం అటూ ఇటూగా జరిగిపోతుంది. ఎనుములో రెండు నిమిషాలో, అంతకంటే ఎక్కువో పడుతుంది. ఆ కాసేపు ఆగే ఓపిక, తీరిక లేకపోవడం కూడా సూదికి దారి తీస్తుంది. ఈ కారణం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

స్పర్శే కానక్కర్లేదు. తవుడు బొక్కెన చప్పుడు, రోజూ పితికే మనిషి అలికిడి, దూడ అరుపు ఇవన్నీ చేపును పిలుస్తాయి. పశువు వీటిని పాలతో ముడివేసి నేర్చుకుంటుంది. అదేవిధంగా భయం చేపును ఆపేస్తుంది. కొత్త చోటికి తోలుకొచ్చిన పశువులో, సంతలో కొన్న మర్నాడు, మెదడు ఆక్సిటోసిన్‌ను అసలు విడుదలే చేయకపోవచ్చు. కొట్టినా బెదిరించినా ఎక్కువయ్యే అడ్రినలిన్ పొదుగు దగ్గర కూడా అడ్డం పడుతుంది. ‘పాలు దాచుకుంటోంది’ అని పశువును తిడుతుంటారు. నిజానికి దాచుకోవడం దాని చేతిలో లేదు.

సూది ఏం చేస్తుంది, ఏం చేయదు

సూదిలోని ఆక్సిటోసిన్ ఈ దారిలో చివరి మెట్టు మీద మాత్రమే పనిచేస్తుంది. తొమ్మిది అమైనో ఆమ్లాల ఈ చిన్న గొలుసును 1953లో విన్సెంట్ డు విగ్నోడ్ ప్రయోగశాలలో తయారు చేశాడు. 1955లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అప్పటి నుంచి అది చౌకగా తయారవుతోంది. కాన్పు తర్వాత తల్లుల రక్తస్రావాన్ని ఆపడంలో ప్రాణాలు నిలబెట్టే మందు అది. పశువైద్యంలో మాయ పడకపోవడం, ఈనడం కష్టం కావడం వంటి సందర్భాల్లో డాక్టర్లు అవసరాన్ని బట్టి వాడతారు. పాడి దగ్గర మాత్రం అది రోజువారీ పనిముట్టు అయిపోయింది.

రక్తంలోకి ఎక్కించిన ఆక్సిటోసిన్ కొద్ది నిమిషాల్లోనే విరిగిపోతుంది. మెదడులోకి చేరేది లెక్కలోకి రానంత తక్కువ. అందుకే సూది వేసిన ఎనుము పాలు ఇస్తుంది గానీ, ఆ ఎనుముకు భయం పోలేదు, దూడ మీద ప్రేమ పెరగలేదు, పితికేవాడు అలవాటు కాలేదు. రోజూ సూది పడుతుంటే అది నేర్చుకునేది వేరొకటి. బొక్కెన చప్పుడు స్థానంలో సూది పోటు చేపుకు గుర్తు అవుతుంది. దీనికి తోడు పొదుగు కూడా మొద్దుబారుతుంది. పాడి ఆవుల మీద చేసి 2003లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, కొన్నాళ్లు వరసగా ఆక్సిటోసిన్ ఇచ్చి ఆపేశాక సహజంగా చేపడం తగ్గింది. మెదడు హార్మోన్‌ను విడుదల చేయడంలో లోపం లేదు. బయటి నుంచి వచ్చిన పెద్ద మోతాదులకు అలవాటుపడిన పొదుగు, ఒంట్లో ఊరే చిన్న మోతాదుకు సరిగా కదలలేదు. ‘సూది లేనిదే చేపడం లేదు’ అన్న ఫిర్యాదుకు మూలం ఇక్కడుంది. మొదట సూది వేయడానికి చెప్పిన కారణమే, తర్వాత సూది వల్ల వచ్చిన ఫలితంగా తయారవుతుంది.

ఇదే పనికి అంతకుముందు ఒక దారుణమైన పాత పద్ధతి ఉండేది. పశువు యోనిలోకి గాలి ఊది పాలు దించేవారు. దాన్ని ఫూకా అనేవారు. కలకత్తాలో ఆవుల మీద, గేదెల మీద సాగిన ఈ పద్ధతి గురించి తెలియడం, పాలు మానాలన్న గాంధీ నిర్ణయానికి ఒక కారణం. శరీరశాస్త్రం పరంగా చూస్తే ఫూకా సూదికి వ్యతిరేక దిశలో పనిచేస్తుంది. గర్భాశయ ముఖద్వారం సాగినప్పుడు ఆ సంకేతం మెదడుకు వెళ్లి ఆక్సిటోసిన్ సహజంగానే ఊరుతుంది, ఈనేటప్పుడు జరిగినట్టే. ఫూకా మెదడును మోసం చేసి పాలు రాబడితే, సూది మెదడును పక్కకు నెట్టి రాబడుతుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ రెండిటినీ ఒకేచోట చేర్చింది. పాలు పెంచడం కోసం ఫూకా చేసినా, పశువు ఆరోగ్యానికి హాని చేసే ఏ పదార్థాన్ని సూదిగా ఇచ్చినా నేరమే. రెండేళ్ల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

మందు తయారీ మీద వచ్చిన నిషేధం కథ వేరు. ప్రైవేటు కంపెనీలు దేశీయ వాడకానికి ఆక్సిటోసిన్ తయారు చేయకూడదని, ఒక్క ప్రభుత్వరంగ సంస్థ అయిన కర్ణాటక యాంటీబయాటిక్స్ మాత్రమే చేయాలని 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఒక్క సంస్థ మీద ఆధారపడితే ప్రసూతి వార్డుల్లో కొరత వస్తుందన్న వాదనతో కేసు నడిచింది. అదే ఏడాది డిసెంబరు 14న ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. 2019 ఆగస్టులో సుప్రీంకోర్టు విషయాన్ని విస్తృత ధర్మాసనానికి పంపింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలో ఆక్సిటోసిన్ ఉంది. సమస్యంతా పేరు లేని సీసాల్లో, మోతాదు తెలియని ద్రావణంగా దొరికే సరుకుతోనే. అందులో ఏముందో తెలియనప్పుడు దాని ప్రభావం గురించి ఎంత శాస్త్రం చెప్పినా అది ఆ సీసాకు వర్తిస్తుందని అనుకోలేం.

పాలు తాగినవాళ్లకు ఏమవుతుందన్నది తరచూ అడిగే ప్రశ్న. ఆడపిల్లలు చిన్న వయసులోనే పెద్దమనిషి కావడానికి ఈ సూదే కారణమన్న ప్రచారం బలంగా ఉంది. ఆక్సిటోసిన్ ఈస్ట్రోజెన్ వంటి ఆడ హార్మోన్ల జాతిది కాదు. అది ప్రొటీన్ ముక్క, పేగుల్లో జీర్ణమైపోతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశీలనలో సూది వేసిన గేదెల పాలకూ, వేయని వాటి పాలకూ ఆక్సిటోసిన్ మోతాదులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ సూది మీద అభ్యంతరం చెప్పడానికి పశువు ఒంటికి జరిగే నష్టమే సరిపోతుంది. ఆధారం లేని భయాన్ని దానికి జోడించడం వల్ల అసలు అభ్యంతరం పలచబడుతోంది.

గొర్రె తల్లి మెదడులో

ఆక్సిటోసిన్ మెదడు లోపల ఊరినప్పుడు ఏం చేస్తుందో తెలుసుకోవడానికి ఎక్కువగా పనికొచ్చిన జంతువు గొర్రె. అనంతపురం జిల్లా కాపరులకు తెలిసిన సంగతే ఇది: తల్లిగొర్రె తన పిల్లనే దగ్గరికి రానిస్తుంది, పక్కగొర్రె పిల్ల పొదుగు కిందికి దూరితే తలతో కుమ్మి నెట్టేస్తుంది. వందల పిల్లలున్న మందలో తన పిల్లను వాసనతో గుర్తుపడుతుంది. ఈ ముద్ర ఈనిన తర్వాతి గంటా రెండు గంటల్లోనే పడిపోతుంది.

ఈనేటప్పుడు గర్భాశయ ముఖద్వారం సాగడంతో ఆక్సిటోసిన్ రెండు చోట్లకు వెళుతుంది. పిట్యూటరీ మీదుగా రక్తంలోకి ఒక పాయ, మెదడు లోపలే నాడుల ద్వారా మరో పాయ. ఈ రెండో పాయే తల్లితనాన్ని మేల్కొలుపుతుంది. వాసనను గ్రహించే నాడీకేంద్రంలో కొత్త జ్ఞాపకం నాటుకునేలా చేస్తుంది. 1987లో ఇంగ్లండ్‌లో కీత్ కెండ్రిక్ బృందం, చూలు లేని గొర్రెలకు ఈస్ట్రోజెన్, చూలు నిలిపే హార్మోన్ ప్రొజెస్టిరాన్ ముందుగా ఇచ్చి, మెదడులోని ద్రవంలోకి నేరుగా ఆక్సిటోసిన్ ఎక్కించింది. కాసేపట్లోనే అవి పరాయి పిల్లలను నాకడం, దగ్గరికి రానివ్వడం మొదలుపెట్టాయి. అంతకుముందు 1979లో అమెరికాలో ఎలుకల మీద ఇలాంటి ఫలితమే వచ్చింది. రెండు సందర్భాల్లోనూ గమనించాల్సింది ‘ముందుగా’ అన్న షరతు. ఈస్ట్రోజెన్ మెదడును సిద్ధం చేయకపోతే ఆక్సిటోసిన్ ఒక్కటీ ఆ పని చేయలేదు.

పిల్ల చచ్చిపోయిన గొర్రెకు అనాథ పిల్లను అలవాటు చేయడానికి చచ్చిన పిల్ల తోలు కప్పే ఉపాయం చాలా దేశాల కాపరులకు తెలుసు. మన పక్క దూడ తోలులో గడ్డి కూర్చి పాడిపశువు ముందు నిలబెట్టడం కూడా ఇలాంటిదే. అవి రెండూ వాసన జ్ఞాపకాన్ని వాడుకుంటాయి. చేపు సూదితో పోలిస్తే ఈ పాత ఉపాయం పశువు మెదడు పని తీరుకు దగ్గరగా ఉంది. అయితే మొదటి ఈత గొర్రెల్లో ఈ వ్యవస్థ ఇంకా పూర్తిగా కుదురుకోదు. పిల్లను వదిలేయడం వాటిలో ఎక్కువగా కనిపించడానికి అదే కారణం. రెండో ఈతకు గ్రాహకాల సంఖ్య, అనుభవం రెండూ పెరుగుతాయి.

విత్తులు కొట్టించినా కుమ్మే ఎద్దు

కడప, కర్నూలు జిల్లాల తిరునాళ్లలో బండలాగుడు పోటీలు పళ్ల లెక్కన జరుగుతాయి: పాలపళ్ల విభాగం, రెండు పళ్లు, నాలుగు, ఆరు, ఆపైన సీనియర్లు. సేద్యానికైనా పోటీకైనా కోడెను ఏ వయసులో కొట్టించాలన్న దానిపై ప్రతి ఊళ్లోనూ ఒక పట్టుదల ఉంటుంది. తొందరగా కొట్టిస్తే మూపురం, మెడ ఎదగవని, ఆలస్యం చేస్తే పొగరు పోదని అంటారు. ఈ రెండు మాటలూ హార్మోన్ శాస్త్రానికి దగ్గరగానే ఉన్నాయి.

1849లో జర్మనీలోని గొట్టింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ ఆరు కోడిపుంజు పిల్లల మీద చేసిన ప్రయోగం ఈ శాస్త్రానికి పునాది. విత్తులు తీసేసిన పిల్లలు పెద్దయ్యాక కూయలేదు, తన్నుకోలేదు, జుట్టు ఎర్రగా ఎదగలేదు. తీసిన విత్తును పొట్టలో మరోచోట నాటిన పిల్లలు మాత్రం మామూలు పుంజుల్లా తయారయ్యాయి. నాటిన విత్తుకు పాత నాడులతో సంబంధం లేదు కాబట్టి సంకేతం రక్తం గుండానే వెళుతోందని తేలింది. విత్తుల్లో ఊరే ఆ మగ హార్మోన్‌కు టెస్టోస్టిరాన్ అన్న పేరు పుట్టడానికి ఇంకా 86 ఏళ్లు పట్టింది.

బెర్తోల్డ్ చూసింది ఒక్క పార్శ్వమే. 1959లో అమెరికాలోని కాన్సస్‌లో గినీ పందుల మీద జరిగిన పరిశోధన రెండోదాన్ని చూపింది. చూలుతో ఉన్న తల్లులకు టెస్టోస్టిరాన్ ఇస్తే, పుట్టిన ఆడపిల్లలు పెద్దయ్యాక ఆడ హార్మోన్లు ఇచ్చినా ఆడ తీరుగా స్పందించడం తగ్గింది, మగ తీరు పెరిగింది. అంటే హార్మోన్ రెండు రకాలుగా పనిచేస్తుంది. పుట్టకముందో, పుట్టిన కొత్తలోనో మెదడు నిర్మాణాన్నే ఒక తీరుకు మలుస్తుంది. పెద్దయ్యాక ఆ నిర్మాణాన్ని నడిపిస్తుంది. కొట్టించడం వల్ల రెండోది ఆగుతుంది. మొదటిది అప్పటికే జరిగిపోయింది.

పాడిరైతులకు ఇందుకు సొంత ఉదాహరణ ఉంది. ఆవుకు కవలలు పుట్టి ఒకటి కోడెదూడ, మరొకటి పెయ్యదూడ అయితే ఆ పెయ్య చాలా వరకు గొడ్డుగానే మిగిలిపోతుంది. పది జతల్లో తొమ్మిదింటి పైన ఇలాగే అవుతుంది. గర్భంలో రెండు మాయల రక్తనాళాలు కలిసిపోయి, కోడె హార్మోన్లు పెయ్యలోకి చేరడమే కారణమని 1916లో ఫ్రాంక్ లిల్లీ వివరించాడు. అలాంటి పెయ్యల్లో కొన్ని పెరిగాక కోడెల్లా ప్రవర్తిస్తాయి. వాటి తప్పు లేదు, పెంపకందీ కాదు.

ఇక ఎద్దు విషయం. వయసుకు రాకముందే కొట్టించిన కోడెలో తగాదా స్వభావం తక్కువగా ఉంటుంది. నాలుగు పళ్లు వచ్చి, రెండు మూడు సార్లు మరో కోడెను తరిమి గెలిచాక కొట్టిస్తే, టెస్టోస్టిరాన్ తగ్గినా గెలిచిన అలవాటు పోదు. కుమ్మితే మనిషి తప్పుకుంటాడని అది నేర్చుకుంది. ఆ పాఠం రక్తంలో లేదు. ఇంకో విచిత్రం ఏమిటంటే, క్షీరదాల్లో చాలావాటిలో టెస్టోస్టిరాన్ మెదడుకు చేరాక ఒక ఎంజైము వల్ల ఈస్ట్రోజెన్‌గా మారి అప్పుడు పనిచేస్తుంది. మగ ప్రవర్తనలో కొంత భాగాన్ని నడిపేది ఆడ హార్మోన్ అని అందరూ పిలిచే పదార్థమే.

వీధికుక్కలకు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. మగకుక్కకు ఆపరేషన్ చేస్తే దూరాలు తిరగడం, స్తంభాల మీద ఒంటికి పోసి గుర్తు పెట్టుకోవడం, ఆడకుక్క కోసం తన్నుకోవడం చాలావాటిలో తగ్గుతాయి. ఆ పనులు నేరుగా టెస్టోస్టిరాన్ మీద ఆధారపడ్డవి. భయంతో కరిచేది, పిల్లల కోసం కరిచేది, తిండి దగ్గర కరిచేది వేరే దారుల్లో నడుస్తాయి. పిల్లలు పుట్టకపోతే పిల్లల కోసం కరవడం సహజంగానే ఉండదు. భయం మాత్రం ఆపరేషన్ బల్ల మీద పోదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు గానీ, 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు గానీ ఆపరేషన్‌తో పాటు రేబిస్ టీకాను కలిపి చెప్పడం, రేబిస్ ఉన్నవాటినీ దూకుడు కుక్కలనూ వేరు చేయమనడం ఈ తేడాకు తగ్గట్టే ఉన్నాయి. కాటు కేసుల సంఖ్య ఒక్క ఆపరేషన్లతోనే వెంటనే పడిపోతుందని ఆశించడం మాత్రం శాస్త్రానికి మించిన కోరిక.

మూగ ఎద

ఎద ప్రవర్తన కూడా హార్మోన్లు వచ్చే వరసను బట్టి ఉంటుంది. అండం విడుదలయ్యే ముందు పెరిగే ఈస్ట్రోజెన్ హైపోథాలమస్ మీద పనిచేసి ఆవును అరిపిస్తుంది, ఆబోతు ముందు నిలబెడుతుంది. కానీ అంతకుముందు కొన్నాళ్లు ప్రొజెస్టిరాన్ నడిచి ఉంటేనే మెదడు ఈ పిలుపును సరిగా అందుకుంటుంది. ఈనిన తర్వాత మొదటిసారి అండం విడుదలైనప్పుడు ఏ లక్షణమూ కనిపించకపోవడం తరచూ ఇందుకే. ఎండాకాలంలో ఎనుములు మూగ ఎదలోకి పోవడానికి వేడి, మేత లోటు తోడవుతాయి. ఎదకు తెప్పించే సూదులు, యోనిలో పెట్టే ప్రొజెస్టిరాన్ పరికరాలు ఈ వరసను అనుకరించేవే. గొర్రెల్లో సూది అక్కర్లేని దారి కూడా ఉంది. నెల పాటు మందకు దూరంగా ఉంచిన పొట్టేలును ఒక్కసారిగా తోలితే, దాని వాసనకే గొర్రెల మెదడు కదిలి, అండాలు విడుదలయ్యే ప్రక్రియ మొదలవుతుంది.

మత్తు సూది, పురుగుల సూది

బెదిరిన పశువును పడుకోబెట్టడానికి డాక్టర్లు ఎక్కువగా వాడేది జైలజిన్. మెదడు కాండంలో మెలకువను నిలబెట్టే నార్‌అడ్రినలిన్ విడుదలను అది తగ్గిస్తుంది. గుర్రానికి కావలసిన మోతాదులో పదో వంతుతోనే ఆవు పడిపోతుంది. గుర్రాల కోసం ఉన్న గాఢమైన సీసాను పశువుకు అదే లెక్కన వాడితే ప్రాణం మీదికి వస్తుంది. చూలు చివరి నెలల్లో ఇస్తే గర్భసంచి బిగుసుకుని ఈసుకుపోయే (చూలు పోయే) ప్రమాదం ఉంది. మరో సంగతి: అప్పటికే వెంటపడి తరిమి, అడ్రినలిన్ పొంగిన పశువుకు ఇదే మందు సరిగా ఎక్కదు. మోతాదు పెంచుకుంటూ పోతారు, అది ఆలస్యంగా ఒక్కసారి పనిచేసి కుప్పకూలుస్తుంది. నీడలో కాసేపు ఊరక నిలబెట్టడం మందులో సగం పని చేస్తుంది.

ఐవర్‌మెక్టిన్ ఇంకో రకం పాఠం. కడుపులోని నులిపురుగులకు, ఒంటిమీది గజ్జికి కాపరులు వాడే ఈ మందు పురుగు నాడులను చచ్చుబరుస్తుంది. దీన్ని కనుగొన్నందుకు సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్ 2015లో నోబెల్ పంచుకున్నారు. క్షీరదాల మెదడులో కూడా అది తగులుకోగల గ్రాహకాలు ఉన్నాయి. అయినా గొర్రెకు ఏమీ కాదు. రక్తం నుంచి మెదడులోకి దూరే పదార్థాలను వెనక్కి నెట్టే ఒక ప్రొటీన్ కాపలా కాస్తుంటుంది. గొర్రెల కాపలాకు పెంచిన కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఆ ప్రొటీన్ జన్యువు లోపంతో ఉంటుంది. 2001లో ఇది బయటపడింది. గొర్రెలకు తగిన మోతాదు అలాంటి కుక్కకు పడితే తూలుతుంది, గుడ్డిదవుతుంది, కోమాలోకి జారుతుంది. నగరాల్లో పెంచే జాతికుక్కలకు ‘పశువుల మందే కదా’ అని ఇచ్చేటప్పుడు ఈ తేడా ప్రాణాంతకం.

పత్తి చేను, ఉమ్మెత్త, సర్కారు తుమ్మ

మెదడు మీద పనిచేసేవన్నీ సూదిలోనే రావు. ఆదోని చుట్టుపక్కల పత్తి ఏరాక చేలల్లోకి మందలను తోలడం మామూలు. ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుమందు అవశేషం ఎక్కువగా తగిలిన గొర్రెలో ఎసిటైల్‌కోలిన్ అనే నాడీ సంకేతాన్ని విరగ్గొట్టే ఎంజైము మూగబోతుంది. సంకేతం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. చొల్లు, కన్నీళ్లు, కండరాల అదురు, చిన్నదైపోయిన కంటిపాప, తర్వాత ఊపిరాడకపోవడం. దీనికి విరుగుడుగా డాక్టరు ఇచ్చేది అట్రోపిన్. ఉమ్మెత్తలో ఉన్నది అదే అట్రోపిన్, దాని తోబుట్టువులు. ఉమ్మెత్త తిన్న పశువులో అన్నీ తలకిందులుగా కనిపిస్తాయి: నోరు ఎండిపోవడం, కంటిపాప విచ్చుకోవడం, దిక్కుతోచక గోడలకు గుద్దుకోవడం. ఒకదానికి రెండోది విరుగుడన్న మాట నిజమే అయినా, ఆకులో ఎంత అట్రోపిన్ ఉందో కొలిచే దారి లేదు కాబట్టి ఉమ్మెత్తను ఇంటి వైద్యంగా వాడటం ఒక విషం మీద మరో విషం పోయడమే అవుతుంది.

సర్కారు తుమ్మది నిదానంగా పనిచేసే తీరు. అనంతపురం జిల్లా బంజర్లను కమ్మేసిన ఈ కంప కాయలు తియ్యగా ఉంటాయి, కరువు నెలల్లో మేకలకూ పశువులకూ అవే ఆధారం. కొద్దిగా తింటే మంచి మేతే. ఈ చెట్టునే పశుగ్రాసం కోసం పెంచిన ఈశాన్య బ్రెజిల్‌లో, వారాల తరబడి మేతలో పెద్ద భాగం ఈ కాయలే అయిన పశువుల్లో, మేకల్లో మూతి ఒక పక్కకు వంకరపోవడం, నమలలేక మేత జారవిడవడం, నాలుక బయటికి వేలాడటం కనిపించాయి. కాయల్లోని జూలిప్రోసోపిన్ అనే పదార్థం దవడ కండరాలను నడిపే నాడీకణాలను మెదడు కాండంలో దెబ్బతీస్తుంది. గొర్రెలు దీన్ని చాలావరకు తట్టుకుంటాయి. ఆకలి ఉండి, మేత నోట పెట్టుకుని, నమలలేని మేకను చూసి పంటినొప్పి అనో దిష్టి అనో అనుకోవడం సులువు. కొన్నాళ్లుగా కాయలు తప్ప వేరే మేత లేదన్న వివరం చెబితే తప్ప డాక్టరుకు కూడా అనుమానం రాదు.

ముందు ముందు

ముర్రా జాతి ఎనుములు, సంకర జాతి ఆవులు పెరిగేకొద్దీ, దూడను తొందరగా వేరు చేసే పద్ధతి వచ్చేకొద్దీ చేపు సమస్య తగ్గకపోగా పెరిగే అవకాశముంది. దూడ లేకుండానే పితికే పద్ధతి మొదటి ఈత నుంచే అలవాటు చేసిన చోట సూది అవసరం పడటం లేదు. దూడ చచ్చాకో, పశువును కొని తెచ్చాకో హఠాత్తుగా మార్చిన చోటే పడుతోంది. ఇప్పటికే సూదికి అలవాటైన ఎనుమును మాన్పించాలంటే రోజూ ఒకే వేళకు, ఒకే చోట, ఒకే మనిషి పితకడం, ముందు తవుడు పెట్టి రెండు మూడు నిమిషాలు పొదుగు నిమరడం, సూది మోతాదును డాక్టరు సలహాతో మెల్లగా తగ్గించడం కావాలి. ఆ రోజుల్లో పాలు తగ్గుతాయి, పొదుగులో మిగిలిన పాల వల్ల పొదుగువాపు రావచ్చు. ఈ నష్టాన్ని భరించే స్తోమత చిన్న రైతుకు లేకపోవడం వల్లనే మానేద్దామనుకున్నవాళ్లు కూడా మళ్లీ సూదికే వెళ్తున్నారు. పాల సేకరణ కేంద్రాలు ధర కట్టేటప్పుడు ఈ లెక్క వేయవు.

తీరు మారిన పశువు విషయంలో సంచార పశువైద్య సేవ నంబరు 1962కు ఫోన్ చేసినా, ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల వంటి చోటికి తీసుకెళ్లినా డాక్టరుకు ఉపయోగపడే వివరాలు ఇవి: మార్పు ఒక్కసారిగా వచ్చిందా, రోజుల మీద వచ్చిందా, ఈనిన, ఎదకు వచ్చిన తేదీలు, గత పదిహేను రోజుల్లో పడ్డ సూదులు, తాపిన మందులు, వాటి ఖాళీ సీసాలు, ఏ చేలో మేసింది, ఒక్కదానికేనా, మందలో మరికొన్నిటికీ ఉందా. చొల్లు కారుస్తూ, గొంతు మారి, ఊరికే మీదికొచ్చే పశువైతే రేబిస్ కావచ్చు కాబట్టి నోట్లో చేయి పెట్టి చూడకుండా, వేరుగా కట్టేసి, ఆ మాటే ఫోన్‌లో మొదట చెప్పాలి.